సూది ఆనకముందే

మొన్న మార్కాపురంలో మా తోడికోడలి పెద్దకర్మకు వచ్చినవాళ్లంతా ఆమె చెవిని గురించే మాట్లాడారు. "ఏం చెవమ్మా అది! గ్రామఫోను సూది ప్లేటుకు ఆనకముందే పాట ఏందో చెప్పేది" అని ఒకావిడ. "అది చెవి కాదు తల్లీ, సరస్వతి" అని ఆమె పక్కనున్న ఇంకొకావిడ. పప్పు వడ్డిస్తూ నేను అన్నీ విన్నాను. పోయిన మనిషిని పొగుడుతున్నారు, పొగడనీ అనుకోవాలి. అనుకోలేకపోయాను. ఒళ్లు మండిపోయింది. చారు తెస్తానని చెప్పి వంటింట్లోకి పోయి కాసేపు గోడకు ఆనుకొని నిలబడ్డాను.

ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పిల్లా అనేది. నేను నలుగురు పిల్లల తల్లినై, జుట్టు నెరిసిన తర్వాత కూడా పిల్లానే. మనిషి పొడవు, నలుపు, ముక్కుకు పెద్ద బేసరి. నవ్విందంటే వీధిలో పోయే బండి ఎద్దులు చెవులు రిక్కించేవి. పొద్దుగూకులూ చేతిలో అడకత్తెర ఉండాల్సిందే. వక్కలు కత్తిరిస్తూ మాట్లాడేది, కత్తిరిస్తూ కోప్పడేది. తన మాటే చివరి మాట అని తెలియజేయాలంటే దాన్ని టక్కుమని మూసేది. ఆ టక్కు విన్న తర్వాత మా అత్తగారు కూడా మళ్లీ నోరెత్తేది కాదు.

నేను ఆ ఇంటికి కోడలిగా పోయేటప్పటికి ఇంకా మద్రాసు గవర్నమెంటు రోజులు. మాది గిద్దలూరు. మా నాయనకు సంగీతమంటే ప్రాణం. నంద్యాల నుంచి ఒక ఫిడేలు పంతులును పిలిపించి ఇంట్లో పెట్టుకొని మరీ నాకు పాట నేర్పించాడు. ఆ పంతులుది ఒక చాదస్తం. ఆయన ఫిడేలు మీద రాగం తీస్తున్నంతసేపూ మేము పాటను నోట్లోనే అనుకోవాలి. పెదవులు కదలవచ్చు, శబ్దం మాత్రం రాకూడదు. "ముందు పాట నీ లోపల పడాల, తర్వాతే బయటికి రావాల" అనేవాడు. అట్లా ఏళ్ల తరబడి సాధన చేసిన నన్ను, "అమ్మాయికి పాట బాగా వచ్చునంట" అని ముచ్చటపడి మార్కాపురం వాళ్లు చేసుకున్నారు. నేను పెట్టె సర్దుకొని, నా పాటతో ఆ ఇల్లంతా గెలుచుకుంటానని కలలు కంటూ పోయాను. పోయేసరికి అక్కడ సరస్వతి ఒకావిడ వక్కలు కత్తిరిస్తూ కూర్చొని ఉంది.

మా మామగారిది పలకల కార్ఖానా. మద్రాసుకు పలకలు పంపేవాడు, అట్లా పోయినప్పుడొకసారి గ్రామఫోను కొనుక్కొచ్చాడు. సాయంత్రం కార్ఖానా మూసి వచ్చి, కాళ్లు కడుక్కొని, వసారాలో గ్రామఫోనుకు కీ తిప్పేవాడు. పక్కన మా బావగారు, మా ఆయన, వచ్చిపోయేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ప్లేట్లలో వింతవి ఏమీ లేవు. పెళ్లిళ్లలో సన్నాయివాళ్లు వాయించేవీ, పేరంటాల్లో అందరూ పాడేవీ. మాట పడిందంటే మా పాలేరు కూడా పోల్చుకునేవాడు. కానీ ప్లేటు మొదట్లో కొంచెంసేపు ఉత్త రాగమే ఉంటుంది గదా, ఆ కొంచెంలో చెప్పాలి. అదీ పందెం. అందులో మా అక్కను కొట్టినవాళ్లు లేరు.

మామగారికి ఒక అలవాటు ఉండేది. పలకల మనిషి కాబట్టి ప్లేటును కూడా పలకలాగే చూసేవాడు. చేతిలోకి తీసుకొని వేలి కణుపుతో తట్టేవాడు. పలక మంచిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే మోత బొంగురుపోతుంది. కార్ఖానాలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ మోత వేదం. ప్లేటును తట్టి, దాని మీది చీటీని బొటనవేలితో మూసి, పెట్టెమీద పెట్టేవాడు. సూది దించేవాడు. బరబర శబ్దం వచ్చేది, తర్వాత రాగం ఎత్తుకునేది, మా ఆయన తలుపు వైపు తిరిగి అడిగేవాడు.

"వదినా, ఏంది ఇది?"

లోపల అడకత్తెర టక్కుమనేది. "రాముడి మోహన" అనేది ఆమె. లేదంటే "అమ్మవారి కల్యాణి", "శివుడి కాంభోజి". మా ఇంట్లో పాటలకు అట్లాగే పేర్లు, దేవుడి పేరూ రాగం పేరూ. చెప్పిన మరుక్షణం పెట్టెలో మాట పడేది. అదే పాట! వసారా అంతా ఆహా అనేది.

"ఎట్ల తెలుస్తాదమ్మా నీకు?" అని ఎవరైనా అడిగితే ఆమె గడ్డం పైకెత్తి చెప్పేది: "మామ తట్టినప్పుడే తెలిసిపోయ. ప్లేటు గూడా పలక మాదిరే గదా. లోపల ఏముందో మోతలోనే చెప్తాది."

వేరే ఏ ఊరివాళ్లయినా ఈ మాటకు నవ్వి ఊరుకుందురు. మార్కాపురంలో పలకల ఇంట్లో మాత్రం నమ్మారు. ఎందుకు నమ్మరు? మోతను బట్టి పలక మంచీ చెడూ చెప్పగలిగినప్పుడు పాటెందుకు చెప్పకూడదు? మా మామగారు మురిసిపోయి ఇంకా శ్రద్ధగా తట్టడం మొదలుపెట్టాడు.

మరి నేనెక్కడున్నానంటారా? తలుపు చాటున. మా వైపు తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుటపడదు. ఆయన ఉన్నచోట గొంతెత్తదు. ఇక తండ్రి ముందర పెళ్లాన్ని పిలిచి మాట్లాడే మగవాడు ఆ రోజుల్లో పుట్టనేలేదు. వదినను పిలవొచ్చు, పరాచికాలాడొచ్చు. అందుకని నా మొగుడు రోజూ నాకు రెండు బారల దూరంలో కూర్చొని వదినను అడిగేవాడు. పాట ఏమిటో నాకు ఆమెకంటే ముందే తెలిసేది. నిజం చెపుతున్నాను, రాగం ఊపిరి పీల్చుకునేలోపే నాకు తెలిసిపోయేది. తెలిసి ఏం లాభం? గొంతు నొక్కుకొని తలుపు చాటున కూర్చోవాలి. అక్క నాకు ఎదురుగా, మగవాళ్లకు వీపు పెట్టి కూర్చునేది. "చూడు, అంత తెలిసి కూడా ఎంత మర్యాద! మొగోళ్ల వైపు తిరగను గూడా తిరగదు" అని దానికి వేరే మెప్పు.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన తలుపు వైపు తిరిగి నన్ను అడగాలి. నేను చెప్పాలి. నా పెళ్లాం చెవి ఇదీ అని ఆయనకు తెలియాలి. అంతకుమించి నగలడిగానా, చీరలడిగానా?

అసూయ మనిషిని ఎంత వెర్రిదాన్ని చేస్తుందో చెపుతాను. ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా నేను ప్లేట్లన్నీ దించి ముందర పెట్టుకొని ఒక్కొక్కటీ తట్టి చూశాను. అన్నీ ఒకటే మోత. మోహనా అంతే, కాంభోజీ అంతే. నాకే చెముడు వచ్చిందేమోనని భయం పుట్టింది. ఆ చప్పుడుకు అత్తగారు లేచి వచ్చింది.

"ఏందే అది? వాటినెందుకు కొడతాండావు? కోపముంటే పోయి అంట్లు తోముకో."

ఆ వెనకే అక్క వచ్చింది. ప్లేట్లనూ నన్నూ చూసింది. ఒక్క క్షణం ఆమె బుగ్గలు ఉబ్బాయి, నవ్వు అప్పుడే మింగేసింది.

"అట్ల గాదు పిల్లా. గట్టిగా కొడితే ఏం చెప్తాది? మెత్తగా, చంటిబిడ్డ వీపు తట్టినట్ల తట్టాల. చెవి దగ్గర పెట్టుకోవాల" అని నా పక్కన కూర్చొని నా వేలు పట్టుకొని మరీ నేర్పింది. నేను ఎన్ని రోజులు అట్లా తట్టుకుంటూ కూర్చున్నానో చెప్పను. నాకు నామోషీ.

తొలి కాన్పుకు గిద్దలూరు పోయాను. మా ఆయన బిడ్డను చూడడానికి వచ్చి, ఊయల పక్కన కూర్చొని, దిగులుగా చెప్పాడు: "వదినకు చెవి చెడిపోయినాదే. కొత్త ప్లేట్లల్లో ఒక్క పాట గూడా చెప్పలేకపోతాంది. జలుబంట. అమ్మ దినామూ వెల్లుల్లి నూనె కాచి పోస్తాంది. నాయనైతే ప్లేటును రెండుమార్లు తట్టి చూపిస్తాండాడు, అయినా తెలీదంటాది."

అయ్యో అన్నాను. లోపల మాత్రం పండగ చేసుకున్నాను. బిడ్డ పుట్టినప్పటికంటే ఎక్కువ సంతోషమంటే కళ్లుపోతాయి గాని, దరిదాపుల్లోనే ఉంది ఆ సంతోషం. ఆ నూనె ఇంకా నాలుగు చుక్కలు ఎక్కువ పోయమని అత్తగారికి చెప్పించాలనిపించింది.

బిడ్డనెత్తుకొని మార్కాపురం తిరిగి వచ్చిన సాయంత్రం మామగారు ప్లేటు పెట్టాడు. నా చోట నేను తలుపు చాటున కూర్చున్నాను. రాగం ఎత్తుకుందో లేదో, టక్! "రాముడి తోడి!" అంది అక్క. వసారా దద్దరిల్లింది. "జలుబు దిగిపాయ" అన్నది. బిడ్డ ఇంట్లో కాలుపెట్టిన వేళావిశేషమని అత్తగారు వాడికి దిష్టి తీసింది. చూశారా, చంటి వెధవకు కూడా అందులో వాటా దక్కింది, నాకు దక్కలేదు.

మరో నాలుగైదు రోజులకు, ప్లేటు మొదలవుతుండగా బిడ్డ ఏడిస్తే అటు తిరిగి పాలు పడుతున్నాను. వెనక నుంచి అక్క నా భుజం పట్టి లాగింది. "పిల్లా, ఇట్ల తిరుగు" అని గుసగుసగా అన్నది.

"పాలు తాగుతాండాడక్కా."

"తాగనీలే. ముఖం ఇట్ల పెట్టు."

తిరిగాను. ఆమె కళ్లు నా కళ్లను చూడడంలేదు. నా నోటిని చూస్తున్నాయి. అప్పటికి నా పెదవులు వాటంతట అవి ఆడుతున్నాయి, నంద్యాల పంతులు చేసిన అలవాటు ఎక్కడికి పోతుంది? టక్! "అమ్మవారి కల్యాణి" అన్నది ఆమె.

అప్పుడు వెలిగింది నాకు. నేను కాపురానికి రాకముందు ఇంట్లో ఉన్నవి నాలుగు పాత ప్లేట్లు, ఏ గీత ఎక్కడ టిక్కుమంటుందో ఆమెకు కంఠతా. నేను వచ్చాక కొత్తవి వచ్చాయి, నా నోరూ వచ్చింది. మగవాళ్లకు వీపు పెట్టి కూర్చున్న ఆ మర్యాదంతా నా పెదవుల కోసం! ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్నది నా చెవిని చూసే! ఈ మాట ఎవరితో చెప్పుకోను? చెపితే మాత్రం కోడలు కడుపుమంటతో అంటోందనరా?

అప్పుడే పెద్ద పరీక్ష వచ్చిపడింది. మామగారి స్నేహితుడు ఒక సాయబు ఉండేవాడు. ఆయనదీ పలకల వ్యాపారమే, పాటంటే చెవి కోసుకునే మనిషి. మద్రాసు పోయి కొత్త ప్లేటు తెచ్చి, గుడ్డలో చుట్టి మా ఇంటికి పట్టుకొచ్చాడు.

"తట్టితే పాట తెలుస్తాదంటే నేను నమ్మను భాయ్. ఇది ఈ ఊర్లో ఇంకెవరూ వినలేదు. మీ బహూ, ఆ పెద్దకోడలు చెప్పనీ, చూస్తాం" అన్నాడు.

"సూది ఆనకముందే తెలిసిపోతాది ఆమెకు, మాట పడకముందే చెప్పకపోతే అడుగు" అన్నాడు మామగారు మీసం దువ్వి. వీధిలోవాళ్లు కూడా వచ్చి వసారా అంచున కూర్చున్నారు. మామగారు తట్టాడు, ఎన్నడూ తట్టనంత నెమ్మదిగా. సూది దించాడు. రాగం మొదలైంది, మామూలు ప్లేట్లకంటే నింపాదిగా సాగుతోంది. మొదటి పట్టుకే నాకు పాట తెలిసింది. పెదవులు రెండూ పళ్ల కింద బిగించి పెట్టుకున్నాను. తప్పని ఎవరైనా అనదలచుకుంటే అనండి. నా పెదవులు నావి.

అక్క నన్ను చూసింది. కనుబొమలు ఎగరేసింది. నేను బిగించే ఉన్నాను. వసారాలో ఎవరో దగ్గారు. "వదినా, ఏంది ఇది?" అన్నాడు మా ఆయన, గొంతులో కంగారు. అక్క ఇంకోసారి చూసింది. ఈసారి ఆమెకు సంగతి అర్థమైంది. కోపమొస్తుందనుకున్నాను, బతిమాలుతుందనుకున్నాను. ఆమె అడకత్తెర కింద పెట్టి, మగవాళ్ల వైపు తిరిగి, గట్టిగా నవ్వింది.

"మామా, నాకు చెవీ లేదు, గివీ లేదు. ఇన్నాళ్లూ ఈ పిల్ల నోరు చూసి చెప్పినా. తెలిసేదంతా దానికే. ఈ పొద్దు అది నోరు బిగించుకొని కూర్చునింది, నేనేం జేసేది? దాన్నే అడుగు."

వసారాలో తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. వచ్చింది ఆ క్షణం, నేను ఇన్నాళ్లూ కోరుకున్న క్షణం వచ్చేసింది. కానీ బావగారు అక్కడే కూర్చొని ఉన్నాడు. లేచి పోతాడేమోనని చూశాను. ఆయనకు పాట మీదే ధ్యాస, కదలడే. గొంతెత్తి ఎట్లా చెప్పను? అక్క నా నోటి దగ్గర చెవి పెట్టింది. ఆ చెవిలో నేను చెప్పాను. ఆమె మళ్లీ అటు తిరిగి, "రాముడి శంకరాభరణమంట!" అని అరిచింది. మాట పడింది. శంకరాభరణమే.

"వాహ్!" అని సాయబు తొడ చరిచాడు. ఎవరిని చూసి అనుకున్నారు? అక్కనే. "ఏం దిల్ అమ్మా నీది! చిన్న కోడలికి పేరు రావాలని నీ పేరు తీసి దాని చేతిలో పెట్టినావే. నీకు తెలీకనా? నాకు తెలుసులే."

"అదీ మా పెద్దకోడలంటే!" అన్నాడు మామగారు. ఆయన కళ్లలో నీళ్లు.

"లేదు మామా, నిజమే చెప్తాండా" అని అక్క అన్నకొద్దీ వాళ్ల మురిపెం ఎక్కువైంది. ఆమె ప్రాణం మీద ఒట్టేసినా ఎవరూ నమ్మలేదు. అంతవరకు చెవి ఒక్కటే గొప్ప, ఆ రోజు నుంచి మనసు కూడా గొప్పదైంది. మర్నాడు కార్ఖానాకు పోబోతూ మా ఆయన నాతో అన్నాడు: "వదిన నీకోసం ఎంత పనిజేసిందో చూసినావా? ఆమెను జూసి నేర్చుకో." నిజమే అదని నేను ఎన్ని విధాల చెప్పానో! నవ్వి, బుగ్గ గిల్లి పోయాడు.

ఆ తర్వాత కూడా ఆట ఆగలేదు. నేను పెదవి కదపడమూ ఆగలేదు. పాట వస్తే ఆపుకోలేను గదా, ఒక్కరోజు ఆపినందుకే దవడలు నొప్పిపుట్టాయి. ఆమె చూసి చెప్పేది. చెప్పి నాకేసి కన్ను గీటేది. ఆ కన్నుగీటు మీద నాకు ఎంత కోపముండేదో, దానికోసం ఎంత ఎదురుచూసేదాన్నో!

మేము వేరుపడి గిద్దలూరు వచ్చేసిన చాలా రోజులకు ఆమె మా ఇంటికి వచ్చింది. ఇద్దరం పెరట్లో చింతపండు పిక్క తీస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి అన్నది: "పిల్లా, నీ మీద నాకెంత కుళ్లో నీకు తెలీదు."

"నీకా? నా మీదా?"

"ఊఁ. ప్లేటు మొదలైతానే నీ ముఖం వెలిగేది. నాకది యాడిది? నాకు పాటంతా అయిపోయినంక గూడా అది మోహనో గాడిదో తెలీదు. పేరొక్కటే నాది. పాటంతా నీదే. ఏది కావాల్నో కోరుకోమంటే నేను నీదే కోరుకుంటా."

"నేను నీ పేరు కోరుకుంటానక్కా" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఉన్నాను గాని నేనన్నది నిజమే. చింతపండు చేతులతో ఆమె నా గడ్డం పుణికితే అంతా జిగురైంది. అదీ ఆమెతో గడిపిన రోజుల్లో నాకు బాగా గుర్తున్నది.

పెద్దకర్మ అయి గిద్దలూరు వచ్చిన మరుసటి సాయంత్రం మా ఆయన రేడియో పెట్టుకొని కూర్చున్నాడు. ఏదో రాగం ఎత్తుకుంది. ఆయన అలవాటు చొప్పున లోపలి తలుపు వైపు తిరిగాడు. అక్కడ నేను బియ్యం చెరుగుతున్నాను. నన్నే కాసేపు చూశాడు.

"ఏందే ఇది?" అన్నాడు.

వేరుపడి వచ్చాక కూడా పాట అడగాలంటే ఆయనకు వదినే, నన్ను అడగాలని ఎన్నడూ తోచలేదు. నా పెళ్లయిన ఇన్నేళ్లకు అడిగాడు. మామగారు లేడు, బావగారు లేడు, అక్క లేదు. చేట కింద పెట్టి, గొంతెత్తి, "అమ్మవారి కల్యాణి" అన్నాను. అన్న వెంటనే రేడియోలో మాట పడింది. అదే. ఆయన కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. ఆశ్చర్యం పట్టలేకపోయాడు.

"అబ్బ! ఎంతైనా అన్నేండ్లు కలిసున్నారు గదా. వదిన దగ్గర బాగా నేర్చుకున్నావే!"

నాకు ఏడుపు ఆగలేదు. వదిన గుర్తొచ్చిందనుకొని ఆయన లేచి, మోకాళ్లు పట్టుకుంటూ పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె ఉంటే ఈ మాటకు ఎంతగా నవ్వేదో అనుకుంటూ తాగాను.